గాజు మీద వదిన పరిచిన పొర

మా వదిన తయారుచేసే వస్తువు కంటికి కనబడదు. చేతికి దొరకదు. నీళ్లలో ఉన్నంతసేపే దానికి బతుకు. గాలి తగిలిందా, అంతే సంగతులు. "అంత కష్టపడి చేసినదాన్ని కనీసం ఇంటికి తెచ్చి చూపించలేవు, అదేం పనమ్మా?" అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. వదిన నవ్వేసి, "నిజమే పిన్నిగారూ, నేనే ఇంకా సరిగ్గా చూడలేదు" అంటుంది.

ఆవిడ గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. గొప్ప మనిషని కాదు. గొప్పవాళ్ల గురించి రాయడానికి వేరే మనుషులున్నారు, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. మా వదిన పొద్దున్నే బస్సు వెనక పరిగెత్తే మనిషి, డబ్బా సర్దుకుని దాన్ని వంటగట్టు మీదే మరిచిపోయే మనిషి. నేనేమో కాలేజీ మధ్యలో వదిలేసి పార్సిల్ వ్యాను నడుపుకుంటున్నవాణ్ణి. సైన్సు నా నోట పలికితే వంకరగానే పలుకుతుంది. అయినా నాకు అర్థమైనంత చెబుతాను. తప్పులుంటే ఆవిడే దిద్దుతుంది, దిద్దకుండా ఊరుకునే రకం కాదు.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. ఇంటికి గోడ లాంటిదా అంటే వదిన ఒప్పుకోదు. గోడ కదలదు, ఇది కదులుతుంది. అదంతా కొవ్వు అణువుల గుంపు. ఒక్కోదానికి ఒక తల, రెండు తోకలు. తలకి నీళ్లంటే ఇష్టం, తోకలకి నీళ్లంటే గిట్టదు. అందుకని తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని రెండు వరసలుగా నిలబడతాయి. నిలబడి ఊరుకుంటాయా అంటే, అదీ లేదు. సంతలో జనంలా పక్కవాళ్లని తోసుకుంటూ తిరుగుతూనే ఉంటాయి. బతికున్న కణం మీద ఏదైనా పరీక్ష చేస్తే లోపల వెయ్యి గొడవలు జరుగుతుంటాయి కాబట్టి ఏది దేనివల్ల అయిందో తేలదు. అందుకే వదినలాంటివాళ్లు ఒట్టి పొరను మాత్రమే గాజుబిళ్ల మీద, నీళ్ల అడుగున పరుస్తారు. అప్పుడు ఏ మందు దాన్ని అంటుకుంటుందో, ఏ విషం దానికి చిల్లి పెడుతుందో తేటగా కనబడుతుంది. వదిన చూసేది విషం సంగతి. పేగుల్లో చేరే ఒక పురుగు వదిలే విషం కణాల పొరని ఎలా పొడుస్తుంది, దేన్ని అడ్డం పెడితే పొడవకుండా ఆగుతుంది అన్నది ఆవిడ పని.

వదిన వాళ్ల నాన్నగారు ఇళ్లకి రంగులు వేసే మేస్త్రీ. సెలవుల్లో ఈవిడా, ఈవిడ చెల్లెలూ ఆయన వెంట వెళ్లి గరుకు కాగితంతో గోడలు రుద్దేవాళ్లట. "మా నాన్న రంగుడబ్బా మూత తీసేది ఆఖర్న. అంతదాకా గీకుడే గీకుడు. ఇదేం మేస్త్రీ, పని మొదలెట్టడే అని ఇంటివాళ్లు తలలు పట్టుకునేవాళ్లు" అని చెబుతుంది. చదువులో ఆవిడ ముందు బెంచీ కాదు. తప్పిన పరీక్షలూ ఉన్నాయి, దాచుకోదు. పెద్ద చదువుకి వచ్చాక మిగతావాళ్లంతా మెరిసే యంత్రాల దగ్గరికి పోతే, ఎవరూ ముట్టుకోని పని ఒకటి ఈవిడకి మిగిలింది. పొరలు పరచడానికి గాజుబిళ్లలు కడిగే పని. కడిగిన గాజు మీద నీటిచుక్క వేస్తే అది ముత్యంలా నిలబడిందా, గాజు ఇంకా మురికి. సాగి పరుచుకుందా, శుభ్రం. అలా చుక్కలు వేసుకుంటూ సింకు దగ్గర నిలబడ్డ మనిషే మెల్లగా ఆ ల్యాబు గదికి దిక్కయింది. ఇప్పుడు అక్కడ ఎవరి పొర చెడినా, "బుడగలావిణ్ణి పిలవండి" అంటారు.

బుడగలెందుకంటే, పొరను ఎవరూ రొట్టెలా ఒత్తి పరచలేరు. ముందు కొవ్వును గాజుసీసా అడుగున ఎండబెట్టి, ఉప్పునీళ్లు పోసి కదిపితే పాలలా తెల్లగా అవుతుంది. దాన్ని రెండు సిరంజీల మధ్య సన్నటి జల్లెడలోంచి అటూ ఇటూ తోస్తూనే ఉంటే తేటబడుతుంది. అంటే కొవ్వు చిన్నచిన్న బుడగలైందన్నమాట. ఆ నీళ్లని శుభ్రమైన గాజు మీద పోస్తే బుడగలు వచ్చి కూర్చుంటాయి, అణుగుతాయి, ఒకదాని పక్క ఒకటి పగిలి, కలిసిపోయి ఒకే పరుపవుతాయి. గాజు శుభ్రంగా లేకపోతే కూర్చుంటాయి గానీ పగలవు. పిలవని పేరంటానికి వచ్చి లేవని చుట్టాల్లా అలా కూర్చునే ఉంటాయి.

ఈ వివరమంతా మా ఇంట్లో వంటమనిషి దగ్గర్నుంచి నా దాకా అందరికీ నోటికి వచ్చేసింది. వంటమనిషి అంటే మా అమ్మే, ఇంకెవరూ లేరు. మొదట్లో మాత్రం ఇలా లేదు. అన్నయ్య ఈ పెళ్లి మాట ఎత్తిన రోజు అమ్మ కుట్టుమిషను ఆపి అడిగింది.

"అమ్మాయి ఏం చేస్తుంది?"

"పొరలు చేస్తుందమ్మా."

"ఏం పొరలు? ఉల్లిపొరలా?"

"కాదమ్మా, కణాల పొరలు. కొత్తగా తయారు చేస్తుంది."

"ఉన్నవి చాలకనా?"

అన్నయ్యకీ అంతకుమించి తెలియదు. వదిన ఇంటికొచ్చిన కొత్తలో అమ్మ నేరుగా ఆవిడనే పట్టుకుంది. వదిన పళ్లెంలో నీళ్లు పోసి, నూనెచుక్క వేసి, తలలూ తోకలూ అన్నీ చెప్పింది. అమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుని అంతా విని, "అయితే నీళ్లంటే పడని వాటిచేత నీళ్లలో కాపురం చేయిస్తున్నావన్నమాట. ఓపికే తల్లీ నీది" అంది. ఆ రోజునుంచి వాళ్లిద్దరికీ కుదిరింది.

నా సంగతి ఒక్క మాటలో చెబుతాను. నేను ఇక కాలేజీకి పోనని చెప్పిన రోజు అన్నయ్య అరిచాడు, అమ్మ ఏడ్చింది. నేను గదిలో పడుకున్నాను. వదిన పనినుంచి వచ్చి తలుపు తోసింది.

"చదువు మానేశావుట?"

"ఆఁ."

"సరే. అన్నం మానకు. లే."

అంతే. తరవాతేంటి, ఇప్పుడేం చేస్తావ్, నలుగురూ ఏమనుకుంటారు, ఒక్కటి కూడా అడగలేదు. ఆ నెలల్లో రోజూ భోజనాల దగ్గర ఆవిడ తన పని గురించి చెప్పేది. "ఇవాళా పొర రాలేదు. కూర ఇటు జరుపు." ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పేది. ఓడిపోయి ఇంటికొచ్చిన మనిషి మామూలుగా అన్నం కలుపుకుని తినొచ్చని నేను ఆవిణ్ణి చూసే నేర్చుకున్నాను. ఎవరి మాటలూ ఎక్కని నా బుర్రకి అదొక్కటి ఎక్కింది. వ్యాను నడుపుతానన్నప్పుడు కూడా, "బ్రేకు మీద కాలుంచుకో, నోటి మీద చెయ్యుంచుకో, రెండూ నీకు అవసరమే" అని మాత్రం అంది.

ఇక బట్టల సంగతి.

నాన్న పోయాక అమ్మ కుట్టుమిషను మీదే మమ్మల్ని పెంచింది. ఖాళీగా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. ఒకరోజు వదిన విసుక్కుంటూ వచ్చింది. పట్టకార్ల మొనలూ గాజుగిన్నెల అంచులూ తుడవడానికి వాళ్లకిచ్చే కాగితాలు నూగు రాలుస్తున్నాయట. ఆ నూగు నీళ్లలో పడి, సూక్ష్మదర్శినిలో చూస్తే పొర మీద వెంట్రుకల్లా మెరుస్తోందట. నూగు రాలని మంచి బట్టలు కావాలని రాసి పంపితే స్టోర్సులో చలనం లేదు.

"ఓస్, దీనికేనా?" అంది అమ్మ. అరిగి అరిగి పట్టులా అయిన పాత నూలు దుప్పటి ఒకటి తీసి, ముక్కలు చేసి, దారం బయటికి రాకుండా నాలుగువైపులా రెండుసార్లు మడిచి కుట్టింది. వదిన ఒక్కటే చెప్పింది, సబ్బు తగలకుండా ఒట్టి నీళ్లలో ఉడకబెట్టమని. అమ్మ గిన్నెలో వేసి ఉడికించి, మళ్లీ మంచినీళ్లు మార్చి ఉడికించి, ఆరబెట్టి ఇచ్చింది. అవి ఎంత బాగా పనిచేశాయంటే, పక్క గదివాళ్లు కూడా అడగడం మొదలెట్టారు. అమ్మ గర్వానికి పట్టపగ్గాల్లేవు. "మా కోడలి పరిశోధనలో అంచులన్నీ నావే" అని వీధంతా చాటింది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

తరవాత అమ్మకి మణికట్టు నొప్పి పట్టుకుంది. బట్టలు పిండలేకపోతోందని అన్నయ్య ఉతికే యంత్రం కొన్నాడు. దానితోపాటే బట్టలు మెత్తబడడానికి పోసే వాసన ద్రవం సీసా ఒకటి వచ్చింది. అమ్మకి అది తెగ నచ్చేసింది. ఇల్లంతా పూలకొట్టు వాసన. నా వ్యాను నడిపే చొక్కా కూడా పెళ్లికొడుకు చొక్కాలా ఘుమఘుమలాడేది. మరి ఇంటిల్లిపాది బట్టలకీ అంత సుఖం జరుగుతుంటే కోడలి బట్టలకి జరగొద్దూ? తుడిచే ముక్కల్ని కూడా యంత్రంలో వేసి, ఆ ద్రవం కాస్త ఎక్కువే పోసింది. ఇల్లంతా అదే వాసన కాబట్టి ఆ ముక్కల వాసన ఎవరి ముక్కుకీ వేరుగా ఆనలేదు. అమ్మ చేసింది అదీ. ప్రేమ ఎక్కువై చేసింది.

ఆ ద్రవంలో ఉండేది కూడా కొవ్వు జాతిదేనని, గాజుకి పట్టుకుందంటే వదలదని మాకెవరికీ అప్పుడు తెలియదు. వదినకి తెలుసు. కానీ ఆ ముక్కలు కూడా యంత్రంలో పడుతున్న సంగతే ఆవిడకి తెలియదు. పొద్దున్నే పోయి పొద్దుగూకి వచ్చే మనిషి, మడతపెట్టి సంచీలో పెట్టిన ముక్కలు తీసుకెళ్లడమే తప్ప అవి ఎలా ఉతుకుతున్నారని అడుగుతుందా?

పొరలు రావడం ఆగిపోయింది.

గాజు మీద బుడగలు వచ్చి కూర్చుంటున్నాయి, పగలట్లేదు. పొర బతికుందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. కొవ్వులో పచ్చగా వెలిగే రంగు కలుపుతారు. వెలుగుతున్న పొర మధ్య ఒకచోట గట్టి లేజరు కాంతి కొట్టి రంగు చంపేస్తే నల్లటి మచ్చ పడుతుంది. పొర బతికి కదులుతుంటే చుట్టూ ఉన్న పచ్చటి అణువులు తిరుగుతూ తిరుగుతూ ఆ మచ్చలోకి వచ్చి నింపేస్తాయి. చచ్చిన పొరయితే మచ్చ మచ్చలాగే ఉండిపోతుంది. వదిన మచ్చలు మచ్చల్లాగే ఉండిపోతున్నాయి. ఆ సూక్ష్మదర్శిని గది చూసుకునే ఆయన ఎప్పుడూ దీపాలార్పుకుని కూర్చుంటాడు కాబట్టి అందరూ ఆయన్ని చీకటాయన అంటారు. ఆయన ఓదార్పు కూడా అలాగే ఉండేది. "ఇవాళ మచ్చ నిన్నటికన్నా గుండ్రంగా పడిందమ్మా" అనేవాడు.

వదిన కొవ్వు మార్చింది. ఉప్పు మార్చింది. నీళ్లు మార్చింది. గాజుబిళ్లల కంపెనీ మార్చింది. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడడం వాళ్ల పద్ధతి, కాబట్టి వారాలు గడిచిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే ఆ ల్యాబు పెద్ద సారు పిలిచి చెప్పాడు. వదినది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ ఏడాది పొడిగించాలా వద్దా అని చూడడానికి బయటినుంచి ముగ్గురు వస్తున్నారు. వాళ్ల ముందు బతికున్న పొర నిలబడాలి, దాని మీద విషం పని చేసి చూపాలి. లేకపోతే సూక్ష్మదర్శిని గంటలు ఇంకొకరికి వెళతాయి, వదిన ఇంటికి వెళుతుంది. సారు చెడ్డవాడు కాదు.

ఈసారి భోజనాల దగ్గర వదిన ఏమీ చెప్పలేదు. కూర జరపమని కూడా అనలేదు. అమ్మ కోడలి మొహం చూసి చూసి, చేయగలిగింది ఏముందని ఆలోచించి, ఇంకో డజను ముక్కలు కుట్టి, ఇంకాస్త వాసన ద్రవం పోసి ఉతికిచ్చింది.

ఒకరోజు వదినని నా వ్యాన్‌లో దించాను. హడావుడిలో ఆవిడ సంచీ వ్యాన్‌లోనే ఉండిపోయింది. ముక్కలన్నీ అందులోనే. నేను చూసుకునేసరికి ఊరి అవతల ఉన్నాను. సాయంత్రం తీసుకురావడానికి వెళితే వదిన మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇవాళ పొర వచ్చింది" అంది.

"మరి ఆ మొహమేంటి? పార్టీ ఇవ్వాల్సి వస్తుందనా?"

"నా సంచీ ఏదీ?"

ఇచ్చాను. ఒక ముక్క తీసి ముక్కుకి ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. "ఇవాళ కొత్త పట్టకారూ కొత్త గిన్నెలూ తీశాను, ఇవి లేక కాగితంతో తుడిచాను. నూగు పడింది, అయినా పొర వచ్చింది. ఇన్నాళ్లూ ఇవి తుడిచిన చోటల్లా వాసన మందు పూసినట్టే. కొత్త గాజయినా ఆ పట్టకార్లతోనే పట్టుకున్నా కదా, ఆ గిన్నెల్లోనే వేశా కదా."

"ఇంకేం మరి! అమ్మకి చెప్పేస్తే సరి. నేను చెప్పనా?"

"నువ్వు చెప్పావంటే కాలు విరగ్గొడతా. నీ నోటి సంగతి నాకు తెలుసు."

"సరే, చెప్పొద్దు. కాగితంతోనే తుడుచుకో."

"కుదరదురా. ఆ నూగు పొర మీద చుక్కల్లా వెలుగుతుంది. విషం పెట్టిన చిల్లి ఏదో, నూగు ఏదో తెలియదు. వచ్చే ముగ్గురూ మొదట అదే అడుగుతారు. నాకు అత్తయ్య బట్టే కావాలి, పాత పద్ధతిలో." ముక్కని మళ్లీ సంచీలో పెడుతూ అంది, "ఆవిడ చేతి నొప్పితో కుట్టింది. మీ వల్లే పొర చెడిందని ఎలా చెప్పను?"

ఇంటికొచ్చాక వదిన వంటింటి గుమ్మం దగ్గర మూడుసార్లు నిలబడి మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాకు నాలిక దురద పెట్టేస్తోంది, కానీ కాళ్ల మీద ఆశతో ఊరుకున్నాను. ఆఖరికి వదిన చేతిబ్యాగులోంచి ల్యాబునుంచి తెచ్చిన నీళ్లడబ్బా తీసింది. అందులో కడిగిన గాజుబిళ్లలు రెండున్నాయి. అమ్మని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. యంత్రం రాకముందు ఉడికించిన ముక్క ఒకటి సొరుగులో దొరికింది, దానితో ఒక బిళ్ల తుడిచింది. కొత్త ముక్కతో రెండోది తుడిచింది. రెంటి మీదా చెరో చుక్క నీళ్లు వేసింది. మొదటిదాని మీద చుక్క సాగి అద్దంలా పరుచుకుంది. రెండోదాని మీద గుండ్రంగా లేచి నిలబడింది.

అమ్మ చాలాసేపు చూసింది. తుడిచిన ముక్క తీసి వాసన చూసుకుంది.

"ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

"ఇన్నాళ్లూ ఇదేనా?"

వదిన తలూపింది. అన్నయ్య గొంతు సవరించుకుని, "అది యంత్రం తప్పమ్మా, నేనే కదా కొన్నాను..." అని మొదలెట్టాడు.

"నువ్వుండరా, మధ్యలో యంత్రానికి వకాల్తా." అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. తలుపు చప్పుడైంది. వదిన నా వైపు చూసింది, నేను అన్నయ్య వైపు, అన్నయ్య గోడ వైపు. ఏడుస్తోందేమో అనుకున్నాం. లోపలినుంచి చర్రుమని గుడ్డ చింపిన చప్పుడు వినబడింది.

అమ్మ రోజూ పడుకునే దుప్పటి అది. ఇంట్లో అంతకన్నా అరిగింది ఇంకోటి లేదు. "అరిగిన బట్టే నూగు రాల్చదు" అంటూ వచ్చి, వదిన చేతిలో కత్తెర పెట్టింది. "దీనికి ఇంతవరకు ఆ పాడు నీళ్లు తగల్లేదు. మెత్తగానే ఉంది కదా, ఎందుకని వెయ్యలేదు. చూస్తూ నిలబడతావేం? పొయ్యి మీద నీళ్లు పెట్టు."

ఆ సాయంత్రం మా ఇల్లు ధోబీఘాటయింది. అమ్మ కుట్టింది. వదిన ఉడికించింది. పిండే పని అన్నయ్యకీ నాకూ పడింది. చేతులు ముందు ఒట్టి నీళ్లతో కడుక్కోవాలి, సబ్బు ముట్టుకోకూడదు, ఉంగరం తీసెయ్యాలి, మాట్లాడితే బట్ట మీద తుంపర పడుతుంది కాబట్టి నోరు మూసుకోవాలి.

"వీడు నోరు మూసుకోవడానికి ఇన్నేళ్లకి ఒక సైన్సు కారణం దొరికింది" అన్నాడు అన్నయ్య.

"మీరూ మూసుకోవాలి" అంది వదిన.

అమ్మ మిషను మీద వంగి నవ్వడం చూశాను. కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను. మాకు పని చెప్పడం మాత్రం ఆపలేదు.

తరవాతి రోజులు వదిన పట్టకార్లు, గిన్నెలు, తొట్టెలు అన్నీ మళ్లీ మొదటినుంచి కడిగింది. కడిగినవాటి మీద చుక్క వేసి చూసి, నచ్చనివి పక్కన పడేసింది. పొర వచ్చింది. మర్నాడు మళ్లీ వచ్చింది. అయినా ఆవిడ నమ్మలేదు. విషం ఉన్న గొట్టం ఒక్కటే మిగిలింది. ఇంకోటి తెప్పించాలంటే నెలలు పడుతుంది. దాన్ని ముందుగా వాడి చూసుకునే వీలు లేదు. ఆ ముగ్గురి ముందే మొదటిసారి, అదే ఆఖరిసారి.

ఆ రోజు పొద్దున్న అమ్మ తల దువ్వుకుని, చెప్పులేసుకుని వ్యాన్ ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"నా దుప్పటి ఎక్కడికి పోతే నేనక్కడికి."

లోపలికి రానిస్తారా అని నా అనుమానం. వదిన సారుని అడిగితే ఆయన, "చీకట్లో ఒక మూల నిలబడితే ఎవరికి అడ్డం?" అన్నాడు. కాబట్టి నేనూ అమ్మ చెరో మూల నిలబడ్డాం. ముగ్గురు పెద్దలూ, సారూ, చీకటాయనా, ఆ గది అంతకే కిక్కిరిసిపోయింది.

వదిన చేతులు నీళ్లలో ఉన్నాయి. గాజుబిళ్లని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చేది కూడా నీళ్ల అడుగునే, పెద్ద తొట్టెలో రెండు గిన్నెలూ ముంచి. ఒక్క క్షణం పైకి తేలినా గాలి పొరని చీల్చేస్తుంది. అమ్మ కుట్టిన ముక్కతో పట్టకారు మొన తుడిచి, బిళ్లని పట్టుకుని మెల్లగా జరిపింది. నేను ఊపిరి బిగబట్టాను. నా ఊపిరికీ దానికీ సంబంధం లేదు, అయినా బిగబట్టాను.

తెర మీద పచ్చటి వెలుగు పరుచుకుంది. ఎక్కడా వెంట్రుక లేదు, చుక్క లేదు. చీకటాయన లేజరు కొట్టాడు. మధ్యలో నల్లటి మచ్చ పడింది.

మచ్చ అలాగే ఉంది. ముగ్గురిలో ఒకావిడ కళ్లద్దాలు సర్దుకుని ముందుకి వంగింది. నాకు మచ్చ అంచు కొంచెం బూడిదరంగైనట్టనిపించింది, నా భ్రమేమో అనుకున్నాను.

"పూడుతోందే" అంది అమ్మ మూలనుంచి.

పూడుతోంది. అంచులనుంచి లోపలికి పచ్చదనం పాకింది. నలుపు బూడిదైంది, బూడిద లేత పచ్చయింది, చూస్తూండగానే మచ్చ ఎక్కడ పడిందో చెప్పలేనట్టయింది. అప్పుడు వదిన విషం వదిలింది. పొర మీద సన్నటి చిల్లులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తను కనిపెట్టిన అడ్డు మందు కలిపిన రెండో బిళ్ల మీద అవి విచ్చుకోలేదు. ముగ్గురూ ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. వదిన మోచేతులదాకా తడితో నిలబడి ఉంది.

కళ్లద్దాలావిడ అడిగింది, "మీ వెనకటి నివేదికలో పొరలు రావట్లేదని ఉంది. ఏం మార్చారు?"

"బట్ట ఉతికే పద్ధతి, మేడమ్" అంది వదిన. "తుడిచే బట్టకి మెత్తదనం మందు తగిలింది. ఇప్పుడు ఒట్టి నీళ్లలో ఉడికిస్తున్నాం. ఇవి కుట్టింది మా అత్తగారు. అదిగో, అక్కడున్నారు."

అందరూ మూలకి తిరిగారు. అమ్మ పారిపోదామని చూసింది గానీ ద్వారానికి అడ్డంగా నేనున్నాను. కళ్లద్దాలావిడ దగ్గరికొచ్చి ముక్క చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూసింది. "మా దగ్గరా ఇదే తంటా. ఎవరూ బయటికి చెప్పరు. చాలా థాంక్సమ్మా" అంది. మామూలుగా నోటికి తాళం వెయ్యలేని మా అమ్మ అప్పుడు మాత్రం తల ఊపింది, అంతే.

పొడిగింపు ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. ఇంకో ఏడాది. ఎప్పటికీ ఉండేది కాదు, వచ్చే ఏడాది మళ్లీ ఇదే గొడవ. సారు ఆ మాట చెప్పగానే వదిన, "ఏడాది చాలు సార్, ఏడాదిలో చాలా చెయ్యొచ్చు" అంది. ఆ మాట మర్యాదకి అన్నది కాదు. ఏడాది దొరికినందుకు నిజంగానే సంబరపడుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం వ్యాను ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. కాసేపటికి అమ్మ అడిగింది.

"సంచీ మరిచిపోయిన రోజే నీకు తెలిసింది కదా. వంటింటి గుమ్మం దగ్గర అలా ఎన్నిసార్లు తిరిగావ్! రాగానే ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

"పడతాను. ఎందుకు పడను? పడితే లేస్తాను. నువ్వు ఇన్నేళ్లు నిలబడ్డ చోటు నా చేత్తో పోయుంటే, అప్పుడు లేవగలనా? ఇంకెప్పుడూ నాకు చెప్పడానికి జంకకు. విన్నావా?"

వదిన కిటికీ వైపు తిరిగింది, భుజాలు కదిలాయి. తరవాత అలాగే అమ్మ మీదికి వాలిపోయి నిద్రపోయింది. వారాల నిద్ర అంతా ఒక్కసారి పట్టినట్టు, నోరు కొంచెం తెరుచుకుని. అమ్మ నొప్పి ఉన్న చెయ్యి తీసి రెండో చేత్తో ఆవిడ తల పడకుండా పట్టుకుంది, నాకేసి చూసి గుంతలు చూసుకుని నడపమని కళ్లతోనే చెప్పింది.

నేను దగ్గరదారి వదిలేసి పెద్దరోడ్డు మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్లాను. నాకు కృతజ్ఞత అదొక్కటే చేతనైంది. ఎందుకిటు తిప్పావని ఎవరూ అడగలేదు.